నేలబారు బంతిని ఆపేదెలా?

ఆటస్థలంలో ఒక వింత ఎప్పుడైనా గమనించారా? గాలిలో ఎగిరివచ్చే బంతిని పట్టుకొన్నవాణ్ణి చూసి అందరూ చప్పట్లు కొడతారు. నేలమీద దొర్లివచ్చే బంతిని ఆపినవాణ్ణి మాత్రం ఎవరూ మెచ్చుకోరు. 'అదీ ఒక గొప్పేనా?' అనుకొంటారు. కాని అదే బంతి వాడి కాళ్ళ సందునుంచి జారిపోతే చూడండి, మైదానమంతా గొల్లున నవ్వుతుంది!

నిజానికి నేలబారు బంతిని ఆపడం అంత తేలిక పనేమీ కాదు. ముఖ్యంగా మన ఊళ్ళలో. వరంగల్లు నుంచి ఖమ్మం పోయే దారిలో మరిపెడ అనే ఊరుంది. 2016 దాకా వరంగల్లు జిల్లాలో ఉండేది, ఇప్పుడు మహబూబాబాదు జిల్లాలో ఉంది. ఇలాంటి ఊళ్ళలో ఆటస్థలం అంటే పచ్చిక పరిచిన మైదానం కాదు. ఎర్రమట్టి, మొరం, మధ్య మధ్య గులకరాళ్ళు. అక్కడ క్రికెట్ ఆడినా, హాకీ ఆడినా, చిర్రగోనె ఆడినా నేలబారున వచ్చేది ఏ క్షణాన ఎటు తిరుగుతుందో చెప్పలేం. అందుకే కొందరు పిల్లలు బంతి దగ్గరకు రాగానే కళ్ళు మూసుకొని మొహం పక్కకు తిప్పుకొంటారు. 'పిరికివాడు' అని తోటివాళ్ళు వెక్కిరిస్తారు.

వాడు పిరికివాడు కాడు. మొహంమీదికి ఏదైనా దూసుకొస్తే కనురెప్పలు వాటంతట అవే మూసుకొంటాయి. అది మన శరీరం కంటిని కాపాడుకొనే పద్ధతి. బంతిని ఆపడానికి కావలసింది ధైర్యం ఒక్కటే అయితే దాన్ని ఎవరూ నేర్పలేరు. కాని ఇందులో చోటు, కోణం, కాలం అనే మూడు సంగతులున్నాయి. ఈ మూడూ తెలిస్తే భయం సగం పోతుంది. వీటిని మాత్రం ఎవరికైనా నేర్పవచ్చు.

కర్రాబంతి ఆటను పాఠంలా నేర్పే దేశం

ఐర్లాండు దేశంలో హర్లింగ్ అనే ప్రాచీనమైన ఆట ఒకటుంది. చూడటానికి మన హాకీకి దూరపు చుట్టంలా ఉంటుంది. జట్టుకు 15 మంది. ఆడవాళ్ళు ఆడే ఇలాంటి ఆటను కమోగీ అంటారు. చివర వెడల్పుగా ఉండే కర్రతో బంతిని కొడతారు. ఆ కర్రను ఎక్కువగా యాష్ అనే చెట్టు కలపతో చేస్తారు. బంతి పేరు స్లిటర్. బరువు 110 నుంచి 120 గ్రాములు. హాకీలా కాకుండా ఈ ఆటలో బంతిని గాలిలోకి లేపి బలంగా కొట్టవచ్చు. 2018లో యునెస్కో ఈ ఆటను మానవజాతి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది.

అక్కడ చిన్నపిల్లలకు నేర్పే విద్యలలో ఒకటి, ఎదుటివాడు నేలమీది బంతిని కొడుతూండగా దాన్ని కర్రతో అడ్డుకోవడం. గురువు చెప్పే మాట వినటానికి విచిత్రంగా ఉంటుంది: 'వెనక్కి తగ్గకు, దగ్గరికి పో! దూరంగా నిలబడితేనే ప్రమాదం.' కొట్టేవాడి దగ్గరకు పోతే దెబ్బ ఎక్కువ తగలదా? ఇది మొండి ధైర్యపు మాటా, లేక ఇందులో లెక్క ఏదైనా ఉందా? చూద్దాం.

స్కేలు చెప్పే రహస్యం

ముందు ఒక చిన్న ప్రయోగం చేయండి. దీనికి 30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి, ఒక స్నేహితుడు చాలు. స్నేహితుడు స్కేలును పై కొసన పట్టుకొని నిలువుగా వేలాడదీయాలి. స్కేలు కింది కొసన, సున్న గీతకు ఎదురుగా, మీ బొటనవేలూ చూపుడువేలూ తాకీ తాకనట్టు ఉంచండి. అతడు చెప్పకుండా స్కేలును వదిలేస్తాడు. వదలటం చూడగానే మీరు పట్టుకోవాలి. ఏ గీత దగ్గర పట్టుకొన్నారో చూడండి.

11 సెం.మీ. దగ్గర పట్టుకొంటే మీకు పట్టిన కాలం 0.15 సెకండు. 20 సెం.మీ. దగ్గర అయితే 0.20 సెకండు. స్కేలు మొత్తం జారిపోతే 0.25 సెకండు దాటిందన్నమాట. స్వేచ్ఛగా పడే వస్తువు ప్రయాణించే దూరానికి మీ పుస్తకంలో ఉన్న సూత్రంతో ఈ అంకెలను మీరే సరిచూసుకోవచ్చు. చాలామందికి 20 సెం.మీ.కు అటూ ఇటూగా వస్తుంది.

కన్ను చూసి, మెదడు తెలుసుకొని, కండరాలకు ఆజ్ఞ పంపి, చెయ్యి కదిలేవరకు ఇంత కాలం పడుతుంది. ఎంత చురుకైన ఆటగాడైనా దీన్ని పూర్తిగా తప్పించుకోలేడు.

ఇప్పుడు బంతి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వస్తూందనుకొందాం. అంటే సెకండుకు 20 మీటర్లు. మీరు 10 మీటర్ల దూరంలో ఉంటే అది మిమ్మల్ని చేరటానికి అర సెకండు పడుతుంది. అందులో 0.2 సెకండు చూసి తెలుసుకోవటానికే పోతుంది. మిగిలిన 0.3 సెకండులో ఒక అడుగు పక్కకు వేసి కర్ర వాల్చవచ్చు. మరి 4 మీటర్ల దూరంలో ఉంటే? బంతి 0.2 సెకండులోనే వచ్చేస్తుంది. మీరు చూశాననుకొనేసరికి అది మీ పక్కనుంచి పోయి ఉంటుంది, లేదా మోకాటికి తగిలి ఉంటుంది. అక్కడ చూసి ఆపటమనే మాటే లేదు.

విసనకర్ర లెక్క

అలాగయితే ఇంకా దగ్గరకు పోతే మరీ కష్టం కావాలి గదా? కాదు. ఎందుకో చూడండి.

కొట్టేవాడు బంతిని ఏ దిక్కుకు కొడతాడో మనకు తెలియదు. ఎదురుగా 30 డిగ్రీల కోణంలో ఎటైనా కొట్టవచ్చుననుకొందాం. బంతి పోగల దారులన్నీ విసనకర్రలా పరుచుకొంటాయి. విసనకర్ర పిడి దగ్గర సన్నగా ఉండి, పోనుపోను వెడల్పవుతుంది గదా! బంతినుంచి 4 మీటర్ల దూరంలో ఈ వెడల్పు సుమారు 2 మీటర్ల 14 సెంటీమీటర్లు. 2 మీటర్ల దూరంలో 1 మీటరు 7 సెం.మీ. ఒక్క మీటరు దూరంలో 54 సెం.మీ. మాత్రమే.

మీ చేతిలోని కర్ర పొడుగు సుమారు గజం, అంటే 90 సెం.మీ. దాన్ని బంతికి మీటరు దూరంలో అడ్డంగా నేలకు ఆనించి ఉంచితే ఆ దారులన్నీ మూసుకుపోయినట్టే! ఎటు కొట్టినా బంతి కర్రకే తగులుతుంది. మీరు చూడనవసరం లేదు, కదలనవసరం లేదు. ముందే అక్కడ ఉండటమే మీరు చేయవలసిన పని.

కాబట్టి బాగా దూరంగా ఉన్నవాడికి కాలం సాయం చేస్తుంది. బాగా దగ్గరగా ఉన్నవాడికి కోణం సాయం చేస్తుంది. నడిమధ్య నిలబడ్డవాడికి రెండూ సాయం చేయవు. భయంతో రెండడుగులు వెనక్కి వేసిన పిల్లవాడు తనకు తెలియకుండానే అన్నిటికన్నా చెడ్డ చోటును ఎంచుకొంటున్నాడు.

హర్లింగులో ఇంకో లాభం కూడా ఉంది. ఆ ఆటలో ఒకరి కర్ర మరొకరి కర్రకు తగలవచ్చు. కదలకుండా ఉన్న స్థితినుంచి ఒకే త్వరణంతో కదిలే వస్తువు, మొత్తం దారిలో నాలుగోవంతు పోయేసరికి చివరి వేగంలో సగమే అందుకొంటుంది. గతిజశక్తి వేగపు వర్గాన్నిబట్టి ఉంటుంది గనక అప్పటికి ఆ శక్తి నాలుగోవంతే. కర్ర ఊపు అచ్చంగా ఇలాగే సాగకపోయినా తీరు మాత్రం ఇదే. ఊపు పూర్తికాకముందే అడ్డుపడితే దెబ్బలో జోరుండదు. అయినా ఆ దేశంలో ఎవరూ తల కాపాడుకోకుండా ఆడరు. 2010 నుంచి హర్లింగు ఆడే పెద్దలందరికీ కూడా మొహానికి కమ్మీలున్న శిరస్త్రాణం తప్పనిసరి చేశారు. హాకీలో మాత్రం ఎదుటివాడి కర్రను కొట్టకూడదు. బంతి దారిలో మీ కర్రను ఉంచటం వరకే నియమాలు ఒప్పుకొంటాయి.

నిలువు కర్ర, పడుకొన్న కర్ర

మన దేశంలో అందరికీ తెలిసిన కర్రాబంతి ఆట హాకీ. హాకీ కర్ర వెడల్పు 5.1 సెం.మీ. మించకూడదని నియమం. బంతి వ్యాసం 7 సెం.మీ. పైచిలుకు. కర్రను నిలువుగా పట్టుకొని ఆపాలనుకొంటే, మీరు అనుకొన్న చోటునుంచి బంతి 6 సెం.మీ. పక్కకు జరిగితే చాలు, తప్పిపోతుంది. అదే కర్రను పక్కకు వాల్చి, పిడి పట్టిన చేతి వేళ్ళు నేలకు తగిలేట్టు వంగి, నేలమీద పడుకోబెడితే 90 సెం.మీ. గోడ తయారవుతుంది. పదిహేను రెట్లకు పైగా వెడల్పు!

అయితే ఈ గోడ ఎత్తు 5 సెం.మీ. లోపే. దొర్లివచ్చే బంతి కేంద్రం నేలనుంచి 3.6 సెం.మీ. ఎత్తులో ఉంటుంది గనక బంతి దాన్ని దాటలేదు. కాని ఏ గులకరాయో తగిలి ఎగిరితే గోడ దూకి పోతుంది. అందుకే తెలిసిన ఆటగాడు కర్ర వెనక తన పాదాన్ని గాని మోకాలిని గాని ఉంచడు, హాకీలో అది తప్పు. కర్రకు వెనకాల కొంతదూరంలో ఇంకో ఆటగాడు నిలుచునేట్టు చూసుకొంటాడు. క్రికెట్లో ఆ అడ్డు లేదు. కుడిచేతివాటం ఆటగాడు ఎడమ మోకాలిని నేలకు ఆనించి, కుడి మడమకు దగ్గరగా చేర్చి, చేతులు ముందు పెడతాడు. చేతులు తప్పినా కాలు ఆపుతుంది. మడమకూ మోకాలికీ మధ్య సందు బంతి వ్యాసంకంటే తక్కువగా ఉండాలి, అంతే.

కర్రను ఎటు వంచి పట్టుకోవాలన్నది కూడా ముఖ్యమే. పిడిని కొంచెం ముందుకు వంచితే, కర్ర బంతిని నేలలోకి నొక్కుతుంది. వెనక్కి వంచితే బంతి కర్రమీద ఎక్కి పైకి లేస్తుంది. ఆ పైకి లేచే బంతే మొహానికి తగిలేది.

గట్టిగా పట్టుకోవద్దు

హాకీ బంతి, క్రికెట్ బంతి ఇంచుమించు ఒకే బరువు. రెండూ 156 నుంచి 163 గ్రాముల మధ్య ఉంటాయి. 160 గ్రాముల బంతి సెకండుకు 20 మీటర్ల వేగంతో వస్తే దాని గతిజశక్తి 32 జౌళ్ళు. బంతి ఆగాలంటే ఈ శక్తి అంతా ఖర్చు కావాలి.

మీరు కర్రను గాని చేతులను గాని కొయ్యలా బిగించారనుకోండి. బంతి ఒక్క సెంటీమీటరు దూరంలో ఆగుతుంది. అప్పుడు సగటు బలం 3200 న్యూటన్లు. అంటే 320 కిలోల బరువంత! అదే చేతులను వదులుగా ఉంచి 10 సెంటీమీటర్లు వెనక్కి పోనిస్తే బలం 320 న్యూటన్లకు దిగుతుంది. బంతి అదే, వేగం అదే, దెబ్బ మాత్రం పదోవంతు. పైగా బిగించిన కర్రకు తగిలిన బంతి ఎదురు తన్ని మళ్ళీ ప్రత్యర్థి దగ్గరికే పోతుంది. వదులుగా పట్టుకొన్న కర్ర దగ్గర అది చెప్పినమాట విన్నట్టు నిలుస్తుంది.

గోలు కాపాడేవారు మాత్రం వేరే దారి తొక్కుతారు. వాళ్ళు ప్రతి బంతినీ ఆపరు, చాలాసార్లు పక్కకు మళ్ళిస్తారు. బంతిని పూర్తిగా ఆపటానికి దాని ద్రవ్యవేగం అంతా మార్చాలి. అదే 30 డిగ్రీలు పక్కకు మళ్ళించటానికి అందులో సుమారు సగం మార్పు చాలు. భారత మహిళల హాకీ జట్టుకు గోలు కాపాడిన ఎతిమరపు రజని మన తెలుగమ్మాయి. పుట్టింది అప్పటి చిత్తూరు జిల్లాలోని ఒక పల్లెలో. ఆమె కాపాడవలసిన గోలు వెడల్పు 3.66 మీటర్లు. బంతి గోలుకు ఎదురుగా 9 మీటర్ల దూరంలో ఉందనుకోండి. గీతమీదే నిలుచుంటే 3.66 మీటర్లూ కాపాడాలి. 3 మీటర్లు ముందుకు వస్తే 2.44 మీటర్లు కాపాడితే చాలు. విసనకర్ర లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. ఇందులో ఉన్న చిక్కల్లా, ముందుకు వచ్చినకొద్దీ స్పందించటానికి కాలం తగ్గుతుంది. ఎంత ముందుకు రావాలో తూచుకోవటమే గోల్‌కీపరు నేర్పు.

గులకరాయి చేసే ద్రోహం

బంతి దెబ్బ తిన్న వెంటనే దొర్లదు, ముందు జారుతుంది. నేల ఘర్షణ దాన్ని మెల్లగా దొర్లేట్టు చేస్తుంది. నిండుగా ఉన్న గోళం జారుతూ బయలుదేరితే, పూర్తిగా దొర్లటం మొదలుపెట్టేసరికి దాని వేగం మొదటి వేగంలో ఏడింట అయిదు వంతులవుతుంది. 20 మీటర్లు కాస్తా 14 మీటర్ల చిల్లర అవుతుంది. నున్నని నేలమీద ఆడటానికి అలవాటు పడ్డవారు ఈ తేడా లెక్కించక, మొరం నేలమీద తొందరపడి ముందే కర్ర వాలుస్తారు.

అసలు చిక్కు రాళ్ళతో. నేలలో గట్టిగా దిగబడి, అర సెంటీమీటరు మాత్రమే పైకి కనిపించే గులకరాయి ఉందనుకోండి. 3.6 సెం.మీ. వ్యాసార్ధం ఉన్న బంతి దానిమీదికి వచ్చినప్పుడు, రాయి దాన్ని సుమారు 30 డిగ్రీల కోణంలో పైకి మళ్ళిస్తుంది. బంతి వేగం సెకండుకు 10 మీటర్లయితే, లెక్కప్రకారం అది దాదాపు మీటరు ఎత్తు లేవగలదు. వంగి ఉన్న పిల్లవాడి మొహం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది! రాయి కదిలితేనో, మట్టి మెత్తగా ఉంటేనో అంత ఎత్తు లేవకపోవచ్చు. కాని ఆ ఆశమీద కన్నును పణం పెట్టలేం గదా!

అందుచేత మన మైదానాలలో బంతిని ఆపే విద్యలో మొదటి పాఠం బంతితో మొదలు కాదు. ఆటకు ముందు పిల్లలందరూ వరసగా నిలబడి మైదానం ఈ చివరనుంచి ఆ చివరకు నడుస్తూ రాళ్ళేరటంతో మొదలవుతుంది. పది నిమిషాల పని. అది పళ్ళను, కళ్ళను కాపాడుతుంది.

మెట్టు మెట్టుగా

ఇక నేర్చుకొనే పద్ధతి చూద్దాం. దీన్ని మీ వ్యాయామ ఉపాధ్యాయుల ఎదుటే చేయండి.

మొదటి మెట్టు: గట్టి బంతి వద్దు, టెన్నిస్ బంతి తీసుకోండి. దాని బరువు 58 గ్రాములు. అంటే అదే వేగానికి హాకీ బంతికున్న శక్తిలో మూడోవంతు పైచిలుకు మాత్రమే. స్నేహితుడు 5 మీటర్ల దూరంనుంచి చేత్తో నెమ్మదిగా దొర్లించాలి. మీరు మోకాళ్ళు వంచి, కర్ర నేలకు ఆనించి, బంతి కర్రకు తగిలేదాకా దానిమీదే చూపు నిలపాలి. కళ్ళు మూతపడకుండా పదిసార్లు ఆపగలిగితే ముందుకు పోవచ్చు. మెత్తని బంతి వల్ల నొప్పి లేదని శరీరానికి తెలిశాక రెప్పలు తొందరపడటం మానేస్తాయి.

రెండో మెట్టు: బంతి మీకు నేరుగా కాక, రెండడుగులు అటో ఇటో రావాలి. కర్రను చాచటం కాదు, ముందు కాళ్ళు కదలాలి. ఒళ్ళు బంతి దారికి చేరాకే కర్ర వాలాలి.

మూడో మెట్టు: ఆగిన బంతి ఎంత దూరం ఎదురు తన్నిందో అడుగులతో కొలవండి. పట్టు వదులు చేసిన కొద్దీ ఆ దూరం తగ్గాలి. ఎవరి బంతి తక్కువ దూరం పోతుందో పోటీ పెట్టుకోండి.

నాలుగో మెట్టు: స్నేహితుడు ఆగి ఉన్న టెన్నిస్ బంతిని కర్రతో నేలబారుగా, మోకాలి ఎత్తుకు మించని ఊపుతో కొట్టాలి. మీరు మొదట 4 మీటర్ల దూరంలో, తరవాత 2, ఆ తరవాత 1 మీటరు దూరంలో కర్ర వాల్చి పదేసి బంతులు ఆపి చూడండి. ఎన్ని ఆగాయో రాసుకోండి. విసనకర్ర లెక్క నిజమో కాదో మీ పుస్తకమే చెబుతుంది.

గట్టి బంతి ఈ నాలుగు మెట్లూ దాటినవారికే. అప్పుడు కూడా కాళ్ళకు రక్షణలు, మొహానికి కమ్మీల శిరస్త్రాణం లేకుండా దగ్గరినుంచి అడ్డుకోబోవద్దు. ఐర్లాండులో ఆరితేరిన ఆటగాళ్ళే అది లేకుండా మైదానంలోకి దిగనప్పుడు మనం దిగటం ధైర్యమనిపించుకోదు.

ఈసారి మీ జట్టులో ఎవరైనా బంతిని చూసి మొహం తిప్పుకొంటే వెక్కిరించకండి. వాడి చేతిలో టెన్నిస్ బంతి పెట్టి మొదటి మెట్టునుంచి మొదలుపెట్టించండి. ఏ చోట నిలబడాలో, కర్రను ఏ కోణంలో వాల్చాలో, ఎప్పుడు వాల్చాలో చూపించండి. నెల తిరిగేసరికి మీ గోలుముందు నిలబడేది వాడే కావచ్చు.